జవాబు మోసేవాడు



కొత్త మేత్రాణుల అభిషేక మహోత్సవాన్ని చూసినవారికి ఒక ఘట్టం గుర్తుండి ఉంటుంది. సువార్త పఠనం ముగిసిన తరువాత పరిశుద్ధ పోపుగారి నియామక పత్రాన్ని గుడిలో అందరూ వినేలా చదువుతారు. ఆ పత్రాన్ని ఎత్తి చూపుతారు. జనం చప్పట్లు కొడతారు. ఎక్కడో రోములో కూర్చున్న పోపుగారికి మన మేత్రాసనం సంగతులు ఎలా తెలిశాయి? ఇక్కడి గురువులలో ఎవరు తగినవారో ఎవరు చెప్పారు? ఈ ప్రశ్న మీలో కొందరికైనా వచ్చి ఉంటుంది. దానికి సమాధానం ఢిల్లీలో ఉంది. అక్కడ పోపుగారి రాయబారి ఒకరు నివసిస్తారు. వారిని నున్షియో అంటారు. లతీను భాషలో ఆ మాటకు వార్త తెచ్చేవాడు అని అర్థం. మన దేశానికి పోపుగారి ప్రతినిధి కార్యాలయం 1884లో ఏర్పడింది. స్వతంత్ర భారతదేశానికి, పరిశుద్ధ పీఠానికి మధ్య దౌత్య సంబంధాలు 1948లో మొదలయ్యాయి. నేడు పరిశుద్ధ పీఠానికి 180కి పైగా దేశాలతో ఇలాంటి సంబంధాలు ఉన్నాయి.

నున్షియో అనే మాట మీరు అప్పుడప్పుడు వినే ఉంటారు. కానీ దానికంటే చాలా పాతదైన మాట ఒకటి ఉంది. నేడు అది చరిత్ర పుస్తకాలలో తప్ప కనిపించదు. ఆ మాట అపోక్రిసియారియుస్. పలకడానికి కష్టంగా ఉంది కదూ! అయినా ఈ వారం ఆ మాట దగ్గర కాసేపు కూర్చుందాం. ఎందుకంటే అది మన జ్ఞానస్నానం గురించి, మన ఇంటి గురించి, మన నాలుక గురించి ఒక పెద్ద సంగతి చెబుతుంది.

మాట పుట్టుక

అపోక్రిసిస్ అంటే గ్రీకు భాషలో జవాబు. అపోక్రిసియారియుస్ అంటే జవాబు మోసేవాడు. లతీనువారు అదే అర్థంలో రెస్పొన్సాలిస్ అన్నారు. ఇది మన సువార్తలకు కొత్త మాట కాదు. సువార్తలలో యేసు బదులు చెప్పెను అని మనం పదేపదే వింటాం కదా, గ్రీకు మూలంలో అక్కడ ఎక్కువగా ఉండేది ఈ కుటుంబానికి చెందిన క్రియాపదమే. పన్నెండేండ్ల బాలయేసు యెరూషలేము దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్నప్పుడు ఆయన జవాబులకు అందరూ ఆశ్చర్యపడ్డారని లూకా రాశారు. అక్కడ వాడిన మాట ఇదే. పిలాతు ప్రశ్నకు యేసు జవాబు ఇవ్వలేదని యోహాను రాశారు. అక్కడా ఇదే మాట. మరియతల్లి ఇది ఎలా జరుగుతుందని అడిగినప్పుడు గబ్రియేలు దూత ఆమెకు బదులు పలికాడు. అక్కడా ఇదే క్రియ. దూత వార్త చెప్పి వెంటనే వెళ్ళిపోలేదు. ఆ కన్య అడిగిన ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పాడు. ఆమె సమ్మతి విన్న తరువాతే వెళ్ళాడు.

ఇక్కడే ఒక తేడా గమనించండి. ఉత్తరం అందించి తిరిగిపోయేవాడు తపాలా మనిషి. అడిగిన ప్రశ్నకు తనను పంపినవాడి పక్షాన జవాబు చెప్పగలవాడు, విన్నది తిరిగి పంపినవాడికి చేర్చగలవాడు రాయబారి. అపోక్రిసియారియుస్ ఈ రెండవ రకం మనిషి.

రోమా చక్రవర్తులు తమ రాజధానిని తూర్పున ఉన్న కాన్‌స్టాంటినోపులుకు మార్చుకున్నారు. అదే నేటి తుర్కియేలోని ఇస్తాంబుల్ నగరం. పోపుగారు రోములోనే ఉన్నారు. చక్రవర్తి సముద్రాల అవతల ఉన్నాడు. చలికాలంలో ఓడలు సాగేవి కావు. ఒక ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి నెలలు పట్టేది. 5వ శతాబ్దంలో మహా లియో పోపుగారు కోస్ పీఠాధిపతి అయిన జూలియన్‌ను తన పక్షాన రాజధానిలో ఉండమని కోరారు. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి చేసిన శాసనాలలో అపోక్రిసియారియుల ప్రస్తావన ఉంది. మేత్రాణులు తమ మందను విడిచి మాటిమాటికి రాజధానికి రాకూడదు, వారి పనులను ఆ ప్రతినిధులు చూడాలి అనేది ఆ ఏర్పాటులోని ఉద్దేశం. కాపరి మంద దగ్గరే ఉండటానికి, అతని మాట దూరంగా వినబడటానికి ఏర్పడిన ఉద్యోగం అది.

పోపుగారి అపోక్రిసియారియుస్ సాధారణంగా ఒక డీకను. అతని నివాసం రాజధానిలోని ప్లసీడియా భవనం. పోపుగారి ఉత్తరాన్ని రాజు చేతికి ఇవ్వడం, అర్థం అడిగితే వివరించడం, రాజసభలో జరిగేది తిరిగి రోముకు రాయడం అతని పనులు. ఆ కాలంలో పోపుగారి ఎన్నికను చక్రవర్తి ఆమోదించవలసి ఉండేది. దానివలన ఈ డీకను చేతిలో ఎంత బరువు ఉండేదో ఊహించుకోండి. అక్కడ పని చేసి వచ్చినవారిలో పలువురు తరువాత పోపులయ్యారు. వారిలో ముగ్గురి కథ చెబుతాను. ఒకరు తడబడ్డారు. ఒకరు ఓడిపోయి కూడా గెలిచారు. ఒకరు సంకెళ్ళలో మరణించారు.

తడబడిన రాయబారి

మొదటివాడు విజిలియుస్. 536లో అగపేతుస్ పోపుగారు కాన్‌స్టాంటినోపులులో ఉండగానే మరణించారు. వారి ప్రతినిధిగా విజిలియుస్ అక్కడే ఉన్నాడు. ఆ సమయంలో తెయొదోరా మహారాణి అతనిని పిలిచి, నిన్ను పోపును చేస్తాను, బంగారం ఇస్తాను, కాల్సెడన్ మహాసభను కాదన్న మా వారిని నువ్వు అంగీకరించు అని బేరం పెట్టిందని ఆ కాలపు చరిత్రకారులు రాశారు. అతడు సరే అన్నాడట. ఈలోగా రోములో సిల్వేరియుస్ పోపుగారు ఎన్నికయ్యారు. 537లో రాజు సేనాని ఆయనను పదవినుండి దించి పంపివేశాడు. విజిలియుస్ ఆ పీఠం మీద కూర్చున్నాడు. సిల్వేరియుస్ పోపుగారు ప్రవాసంలో ఒక దీవి మీద కన్నుమూశారు. శ్రీసభ ఆయనను పునీతుడిగా గౌరవిస్తుంది.

ఇలాంటి సంగతులు మన పత్రికలో ఎందుకు రాస్తారని ఎవరైనా అడగవచ్చు. దాచి పెడితే పాఠం నేర్చుకోలేం. పేతురు ప్రభువును ఎరుగనన్న సంగతిని సువార్త దాచలేదు కదా! పీఠం ఎక్కిన తరువాత విజిలియుస్ ఆ బేరాన్ని బహిరంగంగా నెరవేర్చలేదు. విశ్వాసాన్ని అమ్మలేదు. కానీ ఒకసారి రాజుకు బాకీపడిన మనిషికి స్వేచ్ఛ ఉండదు. 545లో ఆయనను రోమునుండి తీసుకుపోయారు. ఏండ్ల తరబడి రాజధానిలో నిర్బంధంలో నలిగిపోయారు. ఒకసారి అవునన్నారు, ఒకసారి కాదన్నారు. చివరకు 555లో ఇంటికి తిరిగి వస్తూ దారిలోనే సిసిలీ దీవిలో మరణించారు.

ఆయన తప్పు ఎక్కడ మొదలైంది? తనను పంపినవాడి పని మీద వెళ్ళి, తన పని చూసుకోవడం దగ్గర. మన ఊళ్ళలో పెళ్ళి మధ్యవర్తిని చూడండి. పిల్ల తండ్రి మాటను ఉన్నది ఉన్నట్టు చెప్పక, రెండు వైపులా తనకు ఏమి వస్తుందో లెక్క వేసుకుంటే ఆ సంబంధం ఏమవుతుంది? రాయబారి తన లాభం చూసుకున్న రోజున రాయబారం చచ్చిపోతుంది.

ఓడిపోయి గెలిచిన రాయబారి

రెండవవారు మహా గ్రెగోరి. సెప్టెంబరు 3న మనం ఆయన పండుగ చేసుకుంటాం. రోము నగరానికి పాలనాధికారిగా ఉన్నత పదవిలో ఉండి, అన్నీ వదిలి, తన తండ్రి ఇంటినే మఠంగా మార్చుకుని సన్యాసి అయిన మహనీయుడు. ఆయనకు కావలసింది మౌనం, ప్రార్థన. కానీ 579లో రెండవ పెలాజియుస్ పోపుగారు ఆయనను డీకనుగా, అపోక్రిసియారియుస్‌గా కాన్‌స్టాంటినోపులుకు పంపారు.

కారణం చిన్నది కాదు. లొంబార్డులు 568లో ఇటలీ మీదికి దండెత్తి వచ్చారు. ఊళ్ళు కాలిపోతున్నాయి. జనం రోముకు పారిపోయి వస్తున్నారు. రోముకు సైన్యం లేదు. చక్రవర్తిని అడిగి సైన్యం తెప్పించాలి. అదే గ్రెగోరి మోసుకెళ్ళిన సందేశం. రాజు మాట విన్నాడు, గౌరవించాడు. కానీ అతడికి తూర్పున పర్షియాతో యుద్ధం ఉంది. సైన్యం పంపలేదు. 584లో పెలాజియుస్ పోపుగారు గ్రెగోరికి మళ్ళీ ఉత్తరం రాశారు. ఇక్కడ మా బాధలు చెప్పనలవి కావు, కనీసం ఒక సేనానినైనా పంపమని రాజును అడుగు అనేది దాని సారాంశం. చదివినప్పుడు గ్రెగోరి మనసు ఎలా ఉండి ఉంటుంది? తన ఊరు, తన వాళ్ళు అక్కడ. తాను రాజు భవనాల మధ్య ఇక్కడ. ప్రతిసారి అడగడం, ప్రతిసారి వట్టి చేతులతో తిరిగి రావడం.

లోకం లెక్కలో ఇది ఓటమి. ఆరేడేండ్లు ఉండి, పంపిన పని సాధించకుండానే ఆయన రోముకు తిరిగి వచ్చారు. మరి ఆ ఏండ్లన్నీ వృథా అయ్యాయా?

కాలేదు, ప్రియులారా. గ్రెగోరి తనతో కొందరు మఠ సహోదరులను తీసుకెళ్ళారు. రాజసభలో పగలంతా గడిపి, వచ్చి వారితో కూర్చుని ప్రార్థించేవారు. లోకపు అలలకు కొట్టుకుపోకుండా ఆ సహోదరులే తనను లంగరులా పట్టి ఉంచారని ఆయన తరువాత రాసుకున్నారు. వారు అడిగితే యోబు గ్రంథాన్ని వివరించారు. అమాయకుడు ఎందుకు బాధపడాలి, దేవుడు ఎందుకు మౌనంగా ఉంటాడు అని ప్రశ్నించే గ్రంథం అది. రోము బాధలకు రాజునుండి జవాబు దొరకని మనిషి, ఆ జవాబును దేవుని వాక్యంలో వెదికాడు. ఆ ప్రసంగాల నుండి పుట్టినదే యోబు గ్రంథం మీద ఆయన రాసిన గొప్ప వ్యాఖ్యానం. రాజధానిలో పరిచయమైన సెవిల్ పీఠాధిపతి లెయాండరుకు దానిని అంకితం ఇచ్చారు. రాజు ఇవ్వని సైన్యం సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆ వ్యాఖ్యానం మాత్రం శతాబ్దాల తరబడి మఠాలను పోషించింది.

అక్కడే మరొక సంఘటన జరిగింది. ఆ నగర పితృపీఠాధిపతి యుతీకియుస్ వయోవృద్ధుడు. పునరుత్థానంలో మన శరీరం గాలికన్న పలుచగా, చేతికి తగలనిదిగా ఉంటుందని ఆయన రాశారు. గ్రెగోరి ఊరుకోలేదు. లేచిన క్రీస్తు తన శిష్యులను తాకి చూడమన్నాడు కదా అని లూకా సువార్తను చూపించారు. తిబేరియుస్ చక్రవర్తి ఇద్దరి మాటలు విని, గ్రెగోరి వైపు మొగ్గు చూపాడు. 582లో యుతీకియుస్ మరణశయ్య మీద ఉన్నప్పుడు తన చేతి చర్మాన్ని పట్టి చూపిస్తూ, ఈ శరీరంతోనే మనమందరం లేస్తామని ఒప్పుకున్నారని గ్రెగోరి స్వయంగా నమోదు చేశారు. చూశారా! పంపినది సైన్యం కోసం. కానీ విశ్వాసాన్ని గురించి ప్రశ్న వచ్చినప్పుడు ఆ రాయబారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. గ్రీకు భాష రాకపోయినా ఆయనకు సువార్త వచ్చు.

590లో తెగులు వచ్చి పెలాజియుస్ పోపుగారు మరణించారు. జనం గ్రెగోరిని ఎన్నుకున్నారు. వద్దని ఎంత బ్రతిమాలినా వినలేదు. దేవుని సేవకులకు సేవకుడు అని ఆయన తనను తాను పిలుచుకున్నారు. నేటికీ అది పోపుగారి బిరుదు.

సంకెళ్ళలో రాయబారి

మూడవవారు పునీత మార్టిన్. ఆయన పండుగ ఏప్రిల్ 13. ఆయన కూడా ఒకప్పుడు కాన్‌స్టాంటినోపులులో అపోక్రిసియారియుస్‌గా పనిచేశారు. రాజసభ తీరు, అక్కడి మనుషులు ఆయనకు బాగా తెలుసు. ఏమి చెబితే రాజుకు ఇష్టమో, ఏమి చెబితే తల పోతుందో కూడా తెలుసు.

ఆనాటి వివాదం ఏమిటంటే, క్రీస్తుకు దైవ చిత్తం ఒక్కటే ఉన్నదా, మానవ చిత్తం కూడా ఉన్నదా? వినడానికి పండితుల గొడవలా ఉంటుంది. కానీ గెత్సేమని తోటను తలచుకోండి. చెమట రక్తపు బిందువులవలె కారుతుండగా ప్రభువు ఈ పాత్రను తొలగించమని తండ్రిని అడిగాడు. ఆ వెంటనే తన ఇష్టం కాదు, తండ్రి ఇష్టమే జరగాలన్నాడు. ఆయనకు మానవ చిత్తం లేకపోతే ఆ ప్రార్థనకు అర్థం ఏమిటి? మనలాగా భయపడని, మనలాగా వెనుకాడని క్రీస్తు మన భయాన్ని ఎలా బాగుచేస్తాడు?

రాజ్యంలో గొడవ వద్దని రెండవ కాన్‌స్టాన్స్ చక్రవర్తి 648లో ఒక ఆజ్ఞ జారీ చేశాడు. ఈ విషయం ఎవరూ మాట్లాడకూడదు. ఒకటి అనకూడదు, రెండు అనకూడదు. నోరు మూసుకోవాలి. 649లో మార్టిన్ పోపు అయ్యారు. రాజు ఆమోదం కోసం ఎదురుచూడలేదు. అదే సంవత్సరం లాతరాను దేవాలయంలో మహాసభ జరిపి, క్రీస్తుకు రెండు చిత్తాలు ఉన్నాయని ప్రకటించారు.

653లో రాజు ప్రతినిధి సైనికులతో వచ్చి లాతరానులోనే ఆయనను పట్టుకున్నాడు. అప్పటికే ఆయన రోగి. ఓడలో కాన్‌స్టాంటినోపులుకు తీసుకుపోయారు. ఒకప్పుడు పోపుగారి రాయబారిగా గౌరవంతో తిరిగిన నగరంలోనే ద్రోహిగా నిలబెట్టారు. బట్టలు లాగి జనం ముందు అవమానించారు. తరువాత నల్ల సముద్రం ఒడ్డున ఉన్న ఖెర్సోనుకు పంపారు. అక్కడ ఆహారం కరువు. రొట్టె అనే మాట వినిపిస్తుంది గాని రొట్టె కనిపించదన్న అర్థంలో ఆయన ఉత్తరం రాశారు. శత్రువులు పెట్టిన బాధకంటె, రోములోని తనవాళ్ళు తనను మరచిపోయారన్న బాధే ఆ ఉత్తరాలలో ఎక్కువ. ఆయన బ్రతికి ఉండగానే రోములో మరొకరిని పోపుగా ఎన్నుకున్నారు. అయినా ఆయన రోము శ్రీసభను శపించలేదు. దాని కోసం ప్రార్థించారు. 655 సెప్టెంబరులో మరణించారు. వేదసాక్షిగా గౌరవం పొందిన పోపులలో ఆయనే చివరివారు. పాతికేండ్లు గడిచాక, 680-681లో అదే కాన్‌స్టాంటినోపులు నగరంలో జరిగిన మహాసభ క్రీస్తుకు రెండు చిత్తాలు ఉన్నాయని ప్రకటించింది. అంటే ఆయన చెప్పిన జవాబే నిలిచింది.

పునీత పౌలు ఎఫెసీయులకు రాస్తూ తనను సంకెళ్ళలో ఉన్న రాయబారిగా చెప్పుకున్నారు. లోకంలో ఏ రాజైనా రాయబారికి సంకెళ్ళు వేస్తే అది నేరం. క్రీస్తు రాయబారికి మాత్రం అది కొత్త కాదు. పంపినవానినే సిలువ వేశారు కదా!

ఒకే వేరు, రెండు కొమ్మలు

8వ శతాబ్దంలో పటముల పూజ గురించి చక్రవర్తులతో తగవు పెరిగాక ఈ అపోక్రిసియారియుల కాలం ముగిసిపోయింది. తరువాత పేర్లు మారాయి, పద్ధతులు మారాయి. 1500 ప్రాంతం నుండి ఒకే చోట స్థిరంగా ఉండే నున్షియోలు వచ్చారు. పాత మాట మరుగున పడింది. కానీ ఆ మాటకు ఒక తోబుట్టువు ఉంది. అది ఇంకా మన మధ్య బ్రతికే ఉంది.

గ్రీకు భాషలో క్రినో అనే క్రియ ఉంది. వేరుచేసి తీర్పు చెప్పడం అని దాని అర్థం. దాని ముందు ఒక చిన్న పదం చేరితే అపోక్రిసిస్, జవాబు అయింది. మరొక చిన్న పదం చేరితే హిపోక్రితేస్ అయింది. గ్రీకువారు నాటకంలో వేషం కట్టేవాడిని ఆ మాటతో పిలిచేవారు. ముఖానికి తొడుగు పెట్టుకుని, తనవి కాని మాటలు రంగస్థలం మీద పలికేవాడు. మత్తయి సువార్త 23వ అధ్యాయంలో యేసు ప్రభువు పరిసయ్యులను గద్దించినప్పుడు ఉన్న మాట ఇదే. మన అనువాదాలలో కపటభక్తులు అనీ, వేషధారులు అనీ చదువుతాం.

ఎంత ఆశ్చర్యం! రాయబారి కూడా తనవి కాని మాటలే పలుకుతాడు. వేషధారి కూడా తనవి కాని మాటలే పలుకుతాడు. బయటినుండి చూస్తే ఇద్దరూ ఒకటే. మన పల్లెలలో పాండవుల రాయబారం నాటకం ఆడుతుంటే తెల్లవారేదాకా కూర్చుని చూసినవాళ్ళం. రంగు పూసుకున్న నటుడు రాయబారి మాటలు ఎంతో గంభీరంగా పలుకుతాడు. పొద్దున రంగు కడిగేసి తన పొలానికి పోతాడు. అందులో తప్పు లేదు. అది అతని కళ. కానీ నిజమైన రాయబారి రంగు కడిగేసుకోలేడు. అతడు పలికిన మాటకు తన ప్రాణం పూచీ. మార్టిన్ పోపుగారు ఖెర్సోనులో ఆకలితో ఉన్నప్పుడు రంగు కడుక్కుని ఇంటికి రాలేదు. ఒక్క మాట మార్చుకుని ఉంటే రోముకు రాగలిగేవారేమో! మార్చుకోలేదు.

తేడా మాటలలో లేదు. పలికే మనిషి తనను పంపినవానికి చెందినవాడా, కాడా అన్నదే తేడా.

మన సంగతి

పునీత పౌలు కొరింతీయులకు రాసిన రెండవ లేఖ 5వ అధ్యాయం తెరవండి. మనం క్రీస్తు రాయబారులమని, మన ద్వారా దేవుడే మనుషులను సమాధానపడమని వేడుకొంటున్నాడని అక్కడ పౌలు అంటారు. ఈ మాట గురువులకు, మఠకన్యలకు మాత్రమే అనుకునేరు. ప్రభువుతో సమాధానపడిన వారందరికీ ఆ పని అప్పగించబడింది. జ్ఞానస్నానం పొందిన రోజునే మీ చేతికి నియామక పత్రం అందింది. భద్రమైన అభ్యంగనం నాడు దాని మీద ముద్ర పడింది.

మన తెలుగు విచారణలు ఈ సంగతిని బాగా ఎరుగుదురు. ఒక్క గురువు చేతిలో పది, ఇరవై పల్లెలు ఉంటాయి. అన్ని చోట్లా ఆయన ఉండలేడు. పల్లెలో నిలిచి ఉండేది ఉపదేశి. ఆయన గురువు చెప్పినది పల్లెకు చెబుతాడు, పల్లె బాధను గురువుకు మోస్తాడు. ఎవరికి జబ్బు, ఎవరి ఇంట్లో గొడవ, ఏ బిడ్డకు జ్ఞానస్నానం కావాలి, అంతా ఆయన నోటిలో ఉంటుంది. ఆ గ్రీకు మాట ఆయన ఎన్నడూ విని ఉండడు. కానీ ఆ పని చేసినవాడు ఆయనే. మన విశ్వాసం మన తాతల ఇళ్ళకు చేరింది ఎక్కువగా అలాంటివారి కాలినడక మీదనే. వారి జీతం ఎంతో, వారి ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో మనం ఎప్పుడైనా అడిగామా? ఖెర్సోను నుండి వచ్చిన ఆ ఉత్తరం మనకు కూడా చేరవలసినదే.

ఇక మన ఇంటికి వద్దాం. ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగాదాతో మాట్లాడుకోవడం మానేశారు. మధ్యలో వదినగారు ఒకరి మాట మరొకరికి చేరవేస్తుంది. ఆమె చేతిలో ఒక రాయబారం ఉంది. అన్న కోపంలో అన్న పది మాటలలో తొమ్మిదింటిని మింగి, వాడు బాగున్నాడా అని అడిగిన ఒక్క మాటను మోసుకుపోతే ఆమె క్రీస్తు రాయబారి. ఆ ఒక్క మాటను మింగి తొమ్మిదింటిని మోస్తే? ఆమె ఆదివారం ఎన్ని పూజలలో కూర్చున్నా ఆ తొమ్మిది మాటలు ఆమె మీద సాక్ష్యం చెబుతాయి.

కొడుకు పెళ్ళి కుదురుతుంది. మాకు కట్నం వద్దండీ, మేము దేవుని బిడ్డలం అంటాం. ఆ తరువాత పక్క గదిలో బంధువు చేత లెక్క చెప్పిస్తాం. ఇది రాయబారమా, వేషమా? ఒకే పాత్రలోని దివ్య సత్ప్రసాదం అందుకున్న రెండు కుటుంబాలు, కులం వేరని పెళ్ళి పంక్తిలో వేరువేరుగా కూర్చుంటే, సమాధులను కూడా వేరు చేస్తే, ఊరిలోని పొరుగువారు మన గుడి గంట విని ఏమనుకుంటారు? మీ దేవుడు అందరినీ ఒకటి చేశాడంటారు కదా అని ఏ రోజో ఒక హిందూ స్నేహితుడు మర్యాదగానే అడుగుతాడు. ఆ రోజు మీ దగ్గర జవాబు ఉందా? పునీత పేతురు తన మొదటి లేఖలో, మన నిరీక్షణను గురించి అడిగేవారికి సమాధానం ఇవ్వడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండమని, అయితే దానిని సాత్వికంతో, గౌరవంతో ఇవ్వమని కోరారు. ఆ జవాబు పుస్తకంలో దొరకదు. మన పంక్తిలో, మన శ్మశానంలో దొరకాలి.

మీలో కొందరు విజిలియుస్‌లా తడబడి ఉంటారు. ఉద్యోగం కోసమో, భయం వలననో ఎక్కడో ఒక బేరం ఒప్పుకుని ఉంటారు. నిరాశపడకండి. బాకీ తీరే చోటు ఒకటి ఉంది. అది పాపసంకీర్తన పీఠం. మీలో కొందరు గ్రెగోరిలా ఏండ్ల తరబడి అడిగి అడిగి అలసిపోయి ఉంటారు. తాగుడు మానని భర్త కోసం, దారి తప్పిన కొడుకు కోసం ప్రార్థిస్తూ వట్టి చేతులతో కూర్చున్న తల్లులారా, మీ ఏండ్లు వృథా కాలేదు. గ్రెగోరికి సైన్యం దొరకలేదు. కానీ ఆయన ఎదురుచూసిన ఆ ఏండ్లలోనే దేవుడు ఆయనను కాపరిగా తయారుచేశాడు. మీలో ఎవరైనా మార్టిన్‌లా నిజం చెప్పినందుకు ఒంటరి అయ్యారా? మీవాళ్ళే మిమ్మల్ని మరచిపోయారా? వారిని శపించకండి. వారి కోసం ప్రార్థించండి. మిమ్మల్ని పంపినవాడు మిమ్మల్ని మరచిపోలేదు.

చివరిగా ఒక్క మాట. రాయబారి పని రెండు వైపులా సాగుతుంది. రాజసభలో చూసినదంతా అతడు రాత్రి కూర్చుని తన స్వామికి రాయాలి. మనకు ఆ ఉత్తరం రాసే సమయం సాయంకాల కుటుంబ ప్రార్థన. టీవీ కట్టేసి, పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, జపమాల చేతిలోకి తీసుకున్నప్పుడు, ఆ రోజు కలిసిన మనుషుల పేర్లు ప్రభువుకు చెప్పండి. ప్రభూ, ఈ రోజు పక్కింటి ముసలమ్మ మందులకు డబ్బు లేదంది. ఆఫీసులో ఒకాయన నీ గురించి అడిగాడు, నేను సరిగా చెప్పలేకపోయాను. తమ్ముడు ఇంకా మాట్లాడటం లేదు. ఇలా చెప్పండి. ఆయన జవాబు ఇస్తాడు. పొద్దున లేచి ఆ జవాబును మోసుకుని గడప దాటండి.

మన రాజు తన మాటను మన పెదవుల మీద పెట్టాడు. దానిని మార్చకుండా, తగ్గించకుండా, వేషం లేకుండా మోసే కృపను ఆయనే మనకు దయచేయునుగాక. ఆమెన్.